నెలసరి ఆగితే నేరం ఎవరిది?

కిందటి సంచిక వెలువడిన కొద్దిరోజులకు మా ఆఫీసుకు ఒక తల్లీ కూతురూ వచ్చారు. ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు వాళ్లది. పిల్ల బెజవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. అయిదు నెలలుగా బహిష్టు రాలేదు. మూడో నెలలో హాస్టల్ వార్డెన్‌కు ఆ సంగతి తెలిసింది. ఆవిడ పిల్లను కూర్చోబెట్టి ఒక్క మాటా అడగలేదు. మందుల షాపు నుంచి కిట్ తెప్పించి, బాత్‌రూము తలుపు దగ్గర నిలబడి గర్భం పరీక్ష చేయించింది. ఏమీ లేదని తేలాక కూడా ఎందుకైనా మంచిదని ఇంటికి ఫోన్ చేసింది. తల్లి ఆ రాత్రే బస్సెక్కింది. తర్వాత స్కానింగ్. రిపోర్టులో అండాశయాల నిండా 'నీటి బుడగలు'. చూసిన డాక్టరు లావెక్కకుండా జాగ్రత్తపడమని, అన్నం తగ్గించమని, పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందని చెప్పి, నెలనెలా రక్తస్రావం రావడానికి మాత్రలు రాసి పంపించారు.

ఆ పిల్ల నలభై కిలోలు కూడా లేదు.

"దానికొచ్చిన రోగమేంటో ఎవరూ చెప్పడం లేదమ్మా" అంది తల్లి. "మా అత్తేమో ఎవరో ఏదో చేశారంటది. ఆయనేమో పిల్లని గాలికొదిలేశావని నన్ను తిడతన్నాడు." పిల్ల గంటసేపు తలెత్తలేదు. వెళ్లేముందు మాత్రం, "మేడమ్, నేనేం తప్పు చేయలేదు" అంది.

ఒంట్లో ఒక మార్పు వస్తే పదిహేడేళ్ల పిల్ల ముందుగా చెప్పుకోవలసి వచ్చిన మాట అది. రోగమేమిటని ఆమె అడగలేదు, నిర్దోషినని చెప్పుకుంది. నెల తప్పిన ఆడపిల్ల విషయంలో గర్భం పరీక్ష చేయడం తప్పని మేం అనడం లేదు. వైద్యంలో మొదటి పరీక్ష అదే. అయితే ఆ పరీక్షను డాక్టరు, పిల్లకు చెప్పి, ఆమె ఒప్పుకుంటే, చాటున చేయాలి. వార్డెన్ తలుపు దగ్గర నిలబడి చేయించేది వైద్యం కాదు, విచారణ.

మేం అడిగిన ప్రశ్నలు చాలా మామూలువి. ఎన్నింటికి లేస్తావు? నాలుగున్నరకు. ఎన్నింటికి పడుకుంటావు? పదిన్నరకు స్టడీ అవర్ అయ్యాక, లెక్కలు మిగిలితే పన్నెండు. ఏం తింటావు? పొద్దున ఉప్మా సయించదు, మధ్యాహ్నం క్యూలో నిలబడితే టైము చాలదని రెండు ముద్దలు, రాత్రి ఆకలి చచ్చిపోతుంది. ప్రతి ఆదివారం పరీక్ష, సోమవారం బోర్డు మీద ర్యాంకులు. చేరినప్పటి నుంచి ఏడు కిలోలు తగ్గింది. అప్పటిదాకా ఈ ప్రశ్నలు ఆమెను ఎవరూ అడగలేదు. స్కానింగ్ యంత్రం ఎలాగూ అడగదు.

బహిష్టు గర్భసంచి వ్యవహారమని మనలో చాలామంది అనుకుంటాం. కొంచెం చదువుకున్నవాళ్లం అండాశయమనీ హార్మోన్లనీ అంటాం. కథ అంతకన్నా పైన మొదలవుతుంది. మెదడు అడుగుభాగాన హైపోథలామస్ అనే చిన్న ప్రాంతం ఉంది. ఆకలి, నిద్ర, ఒంటి వేడి, భయం, వీటన్నిటి లెక్కలూ అక్కడికి చేరతాయి. అక్కడే వెయ్యి, రెండు వేల మధ్య ప్రత్యేకమైన నాడీకణాలు ఉన్నాయి. ఇన్ని వందల కోట్ల కణాలున్న మెదడులో ఇవి గుప్పెడు. ఇవి జీఎన్‌ఆర్‌హెచ్ అనే రసాయనాన్ని ఉండి ఉండి చిమ్ముతాయి. దాన్ని అందుకుని పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. వాటి వల్ల అండం పెరుగుతుంది, విడుదలవుతుంది. మెదడు నుంచి పిట్యూటరీకి ఈ కబురు సన్నని రక్తనాళాల గుండా చేరుతుందని 1940ల చివరి నుంచి ఇంగ్లండులో జెఫ్రీ హారిస్ చేసిన ప్రయోగాలు చూపించాయి. ఆ రసాయనం ఏమిటో 1971లో తేలింది. అందుకు గియ్మాఁ, షాలీలకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే బహుమతిలో మిగతా సగం రోజలిన్ యాలో అనే శాస్త్రవేత్తది. రక్తంలో అతి కొద్దిపాటి హార్మోన్లను కొలిచే పద్ధతిని ఆవిడ తయారుచేయకపోతే, ఈ రోజు మనం చేయించుకునే హార్మోన్ పరీక్షల దారి వేరుగా ఉండేది. పాఠ్యపుస్తకాల్లో ఆవిడ పేరు ఎంతమంది చదివారో మీరే ఆలోచించండి.

ఇందులో కీలకం 'ఉండి ఉండి' అనే మాట. 1978లో ఎర్నెస్ట్ నోబిల్ బృందం కోతుల మీద చేసిన ప్రయోగం గురించి తెలుసుకోవాలి. మెదడులోని ఆ భాగం దెబ్బతిన్న ఆడ కోతులకు జీఎన్‌ఆర్‌హెచ్‌ను గంటకొకసారి, కొద్ది నిమిషాల పాటు ఇస్తే హార్మోన్లు మామూలుగా ఊరాయి. అదే మందును ఆపకుండా ఇస్తే హార్మోన్లు పడిపోయాయి. అంటే ఎంత ఇచ్చామన్న దానికంటే ఏ తాళంలో ఇచ్చామన్నదే ముఖ్యం. తాళం మరీ నెమ్మదిస్తే అండం పెరగదు. మరీ వేగమైతే మరో రకం చిక్కు వస్తుంది. దాని గురించి తర్వాత చెప్తాను.

ఈ తాళాన్ని నడిపేవి పక్కనే ఉన్న మరికొన్ని నాడీకణాలు. వాటి సంకేతం పేరు కిస్‌పెప్టిన్. అది పని చేయని కుటుంబాల్లో పిల్లలు యుక్తవయసుకు రావడం లేదని 2003లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. (చాక్లెట్లకు పేరుపడ్డ ఒక అమెరికన్ ఊళ్లో ఆ జన్యువు దొరికింది కాబట్టి 'కిస్' అనే చాక్లెట్ పేరు పెట్టారు. శాస్త్రవేత్తల సరదాలు ఇలా ఉంటాయి.) ఒంట్లో తిండి నిల్వలు ఎంతున్నాయి, ఆపద ఏమైనా ఉందా అన్న కబుర్లు చాలావరకు ఈ దారినే తాళానికి చేరతాయి.

ఇప్పుడు ఆ ఇంటర్ పిల్ల దగ్గరికి రండి. తిండి చాలదు, నిద్ర చాలదు, ప్రతి ఆదివారం భయం. ఇది బిడ్డను మోయగల కాలం కాదని ఆమె మెదడు తాళాన్ని నెమ్మదింపజేసింది. ఈ స్థితిని వైద్యులు హైపోథలామిక్ అమెనోరియా అంటారు. అండాశయాలకు రోగం లేదు, గర్భసంచికి లేదు. ఇది 'మనసులో ఉన్న జబ్బు' కూడా కాదు. మెదడు ఒంట్లో భాగమే కదా. అమెరికాలో ఆన్ లౌక్స్ అనే శాస్త్రవేత్త, బహిష్టులు సక్రమంగా వచ్చే ఆరోగ్యవంతులైన యువతుల మీద చేసిన పరిశోధన 2003లో వచ్చింది. ఒంటి బరువులో కొవ్వు తీసేయగా మిగిలిన ప్రతి కిలోకు, శ్రమకు ఖర్చయింది పోను, రోజుకు 30 కేలరీల కన్నా తక్కువ మిగిలితే ఎల్‌హెచ్ తాళం అయిదు రోజుల్లోనే దెబ్బతింది. అయిదు రోజులు చాలు. ఆ పిల్ల ఏడాదిగా అలా బతుకుతోంది.

చరిత్రకు ఇది కొత్త కాదు. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం తిండి రానివ్వని హాలండ్ నగరాల్లో ఎంతోమంది స్త్రీలకు బహిష్టు ఆగిపోయింది. తొమ్మిది నెలల తర్వాత పుట్టిన పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. నాజీ నిర్బంధ శిబిరాల్లోని స్త్రీలలో చాలామందికి, ఇంకా పూర్తిగా చిక్కిపోకముందే, అడుగుపెట్టిన కొద్ది వారాల్లో ఆగిపోయింది. తమ అన్నంలో ఏదో మందు కలుపుతున్నారని వాళ్లు అనుకున్నారు. ఆకలికి భయం కూడా తోడైతే శరీరం ఎంత త్వరగా తలుపులు మూసేస్తుందో అక్కడ కనిపించింది. కాలేజీ హాస్టలును నిర్బంధ శిబిరంతో పోల్చడం మా ఉద్దేశం కాదు. కానీ తాళాన్ని ఆపే శరీర ధర్మం రెండు చోట్లా ఒకటే.

మరి స్కానింగులో కనిపించిన బుడగలు? ఇక్కడే మన కార్యకర్తలంతా గట్టిగా పట్టుకోవలసిన విషయం ఉంది. అవి రోగపు గడ్డలు కావు, నీరు పట్టడం కాదు. పెరగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిన చిన్నచిన్న అండకోశాలు. యుక్తవయసులో ఉన్న ఆరోగ్యవంతులైన పిల్లల్లో చాలామందికి అవి కనిపిస్తాయి. అందుకే పీసీఓఎస్ మీద 2018లోనూ, మళ్లీ 2023లోనూ వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, రజస్వల అయిన ఎనిమిదేళ్ల దాకా స్కానింగును బట్టి ఈ జబ్బును నిర్ధారించవద్దని చెబుతున్నాయి. పన్నెండో ఏట రజస్వల అయిన పిల్లకు ఇరవై వచ్చేదాకా అన్నమాట. కానీ మన జిల్లా కేంద్రాల్లో స్కానింగ్ సెంటర్ల రిపోర్టులు చూడండి, పదిహేనేళ్ల పిల్లకు కూడా పీసీఓడీ అని అచ్చు వేసి ఇస్తారు. తిండి లేక బహిష్టు ఆగిన పిల్లలకు కూడా స్కానింగులో ఇలాంటి అండాశయాలు కనిపించవచ్చు. దాంతో రెండూ ఒకటే అనుకుంటున్నారు. పీసీఓఎస్‌లో బరువు ఎక్కువగా ఉంటే తగ్గమని చెప్పడంలో అర్థం ఉంది. ఆకలితో తాళం ఆగిన పిల్లను అన్నం తగ్గించమనడం, ఆరిపోతున్న పొయ్యి మీద నీళ్లు పోయడమే.

ఇక ఆ మాత్రలు. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే నెలనెలా రక్తం కనిపిస్తుంది, ఇంట్లో అందరికీ ధైర్యం వస్తుంది. తాళం మాత్రం తిరిగి మొదలవదు. ఈస్ట్రోజెన్ కొరత వల్ల ఎముకలు పల్చబడడం వాటితో ఆగుతుందన్న నమ్మకమూ లేదు. బహిష్టు తెప్పించడానికి మాత్రమే వాటిని వాడవద్దని 2017లో అమెరికన్ ఎండోక్రైన్ సొసైటీ చెప్పింది. తిండి, విశ్రాంతి, ఆందోళనకు మాటల ద్వారా చికిత్స, వీటిని ముందు పెట్టమంది. మాటల చికిత్స అంటే నవ్వేవాళ్లున్నారు. అమెరికాలో సారా బర్గా బృందం 2003లో ప్రచురించిన చిన్న అధ్యయనం వాళ్లకు చెప్పాలి. ఈ స్థితిలో ఉన్న పదహారు మందిలో ఎనిమిది మందికి కౌన్సెలింగు తరహా చికిత్స ఇచ్చారు, ఎనిమిది మందిని ఊరికే గమనించారు. మొదటి ఎనిమిది మందిలో ఆరుగురికి అండం విడుదల తిరిగి మొదలైంది. రెండో గుంపులో ఒక్కరికే. పదహారు మంది చాలా చిన్న లెక్క, నిజమే. అయినా మందుబిళ్ల లేకుండా మాటలు అండాశయం దాకా వెళ్లాయన్నది చిన్న విషయం కాదు.

మనసుకూ అండాశయానికీ సంబంధం ఉందనగానే నాలాంటి వాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. కారణం చరిత్రలో ఉంది. 'హిస్టీరియా' అనే మాటే గర్భసంచి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి పుట్టింది. 1870లలో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో అనే ప్రసిద్ధ డాక్టరు ఆడవాళ్ల మూర్ఛలను ఆపడానికి పొత్తికడుపు మీద అండాశయం ఉండేచోట అదిమేవాడు. అందుకు తోలుపట్టీల పరికరం కూడా తయారైంది. 1872లో అమెరికాలోని జార్జియాలో రాబర్ట్ బాటీ అనే సర్జన్ నరాల జబ్బుల పేరుతో, ఏ రోగమూ లేని అండాశయాలను కోసి తీసేయడం మొదలుపెట్టాడు. అదే ఏడాది జర్మనీలో హెగార్, ఇంగ్లండులో లాసన్ టైట్ కూడా అండాశయాలు తీసే ఆపరేషన్లు చేశారు. మత్తు, శుభ్రత పద్ధతులు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో వేలాది స్త్రీలకు ఇలా కోతలు పడ్డాయి. కోపం, ఏడుపు, భర్త మాట వినకపోవడం, లైంగిక కోరిక, అన్నిటికీ అండాశయమే కారణమని ఆ డాక్టర్ల నమ్మకం.

ఆ రోజుల్లో అండాశయం మనసును పాడుచేస్తుందన్నారు. ఇప్పుడు మనసు అండాశయాన్ని పాడుచేస్తోందంటున్నారు. రెండు చోట్లా తప్పు స్త్రీదే అవుతుందేమోనని భయం. పిల్లలు పుట్టక ఆసుపత్రుల చుట్టూ తిరిగే కోడలిని 'నువ్వు టెన్షన్ పడబట్టే నిలవడం లేదు' అని అత్తగారితో పాటు డాక్టరమ్మ కూడా అనడం మనం వింటున్నదే. ఆ టెన్షన్ ఎవరు పెడుతున్నారో మాత్రం ఎవరూ అడగరు. అయితే మనం భయపడి ఈ శాస్త్రాన్ని వాళ్లకే వదిలేస్తే మనకే నష్టం. నాడీవ్యవస్థకు అండాశయంతో ఉన్న బంధాన్ని నిజాయితీగా చదివితే అది వేలు చూపించేది స్త్రీ స్వభావం వైపు కాదు. ఆమె తిండి, పని గంటలు, నిద్ర, ఆమె మింగే మందులు, ఆమె ఇంట్లో జరిగే హింస వైపు.

తాళం వేగమైతే వచ్చే చిక్కు గురించి చెప్తానన్నాను. పీసీఓఎస్ ఉన్న చాలామంది స్త్రీలలో ఎల్‌హెచ్ చిమ్మే వేగం ఎక్కువ. దాంతో అండాశయంలో పురుష హార్మోన్లు ఎక్కువగా తయారవుతాయి. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, నెలలు తప్పడం అందులోంచి వచ్చేవే. పునరుత్పత్తి వయసు స్త్రీలలో నూటికి 8 నుంచి 13 మందికి ఇది ఉందని అంచనా. అండాశయం జబ్బనే పేరున్నా, ఇన్సులిన్‌తో పాటు మెదడుకూ ఇందులో పెద్ద పాత్ర ఉందని తెలుస్తోంది. గర్భంతో ఉన్న ఎలుకలకు చివరి రోజుల్లో ఏఎంహెచ్ అనే హార్మోన్ ఎక్కువ మోతాదులో ఇస్తే, పుట్టిన ఆడపిల్లల్లో జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు అతిగా పనిచేసి ఇలాంటి లక్షణాలే వచ్చాయని ఫ్రాన్స్‌లోని లీల్ నగర శాస్త్రవేత్తలు 2018లో చూపించారు.

మెదడు నుంచి రక్తం ద్వారా వచ్చే కబురే కాదు, అండాశయానికి నేరుగా నరాలు కూడా ఉన్నాయి. రక్తనాళాల వెంట, దాన్ని పట్టి ఉంచే బంధనాల వెంట అవి లోపలికి వస్తాయి. భయపడినప్పుడు గుండె దడ పుట్టించే సింపథెటిక్ నరాల జాతే ఇది కూడా. చిలీ, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 1993లో ప్రచురించిన పరిశోధనలో, హార్మోన్ ఇంజెక్షనుతో పీసీఓఎస్ లాంటి స్థితి తెప్పించిన ఎలుకలకు అండాశయానికి వెళ్లే ముఖ్యమైన నరాన్ని కోసేస్తే అండం విడుదల తిరిగి వచ్చింది. పీసీఓఎస్ ఉన్న స్త్రీలలో ఈ జాతి నరాల చురుకుదనం ఎక్కువగా ఉందని 2008లో స్వీడన్‌లో కాలి నరంలో సన్నటి సూది పెట్టి కొలిచి చూశారు. టెస్టోస్టెరాన్ ఎంత ఎక్కువగా ఉంటే అది అంత ఎక్కువ. ఇది విని ఎగిరి గంతేయకూడదు. నరాలు తెగిపోయినా అండాశయం పనిచేయగలదు. క్యాన్సర్ చికిత్సకు ముందు తీసి గడ్డకట్టించి దాచిన అండాశయపు ముక్కను తిరిగి అమర్చాక 2004లో బెల్జియంలో ఒక స్త్రీకి బిడ్డ పుట్టింది. నరాలు పనిని హెచ్చించగలవు, తగ్గించగలవు; వాటితోనే అంతా లేదు. నరాలను శాంతింపజేస్తామంటూ సూదుల వైద్యానికి కూడా గిరాకీ పెరిగింది. చైనాలో వెయ్యి మంది పీసీఓఎస్ స్త్రీలపై జరిగి 2017లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఆక్యుపంక్చర్ వల్ల పుట్టిన బిడ్డల సంఖ్య పెరగలేదు. పాత క్లోమిఫిన్ మాత్రతోనే పెరిగింది. ప్యాకేజీలు అమ్మే ఫెర్టిలిటీ దుకాణాలు ఈ రెండో ముక్క చెప్పవు.

ఇంతకన్నా మన పని నేరుగా ఉన్న చోటు మందులు. పిట్యూటరీ నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ వస్తుంది, తల్లికి పాలు పట్టేది అదే. మామూలు రోజుల్లో మెదడు డోపమిన్ అనే రసాయనంతో దాన్ని అదుపులో పెడుతుంది. మానసిక రుగ్మతలకు ఇచ్చే రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటి మందులు డోపమిన్‌ను అడ్డుకుంటాయి. వాంతులకూ గ్యాసుకూ మందుల షాపులో చేతికిచ్చే డోంపెరిడోన్ కూడా అంతే. ప్రొలాక్టిన్ పెరిగితే తాళం నెమ్మదిస్తుంది, బహిష్టు ఆగుతుంది, ఒక్కోసారి రొమ్ముల నుంచి పాలు వస్తాయి. పెళ్లికాని పిల్లకు అలా జరిగితే ఆ ఇంట్లో ఏమవుతుందో ఈ పత్రిక చదివేవాళ్లకు వివరించనక్కర్లేదు. మందు రాసేటప్పుడు ఈ ఒక్క ముక్క ముందుగా చెబితే ఎన్ని దెబ్బలు తప్పేవి! మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే మిత్రులు కూడా దీన్ని చిన్న దుష్ప్రభావంగా తీసిపారేయడం నేను చూశాను. 'ముందు మనసు బాగుపడనీ, తర్వాత చూద్దాం' అంటారు. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. బహిష్టు ఆగినా గర్భం రాదన్న హామీ లేదని కూడా ఎవరూ చెప్పరు.

మూర్ఛ జబ్బున్న స్త్రీల సంగతి ఇంకా కష్టం. ఫిట్స్ కూడా హైపోథలామస్‌ను కదిలిస్తాయి, మందులు కూడా. సోడియం వాల్‌ప్రోయేట్ వాడే స్త్రీలలో అండాశయాల మార్పులు, నెలలు తప్పడం ఎక్కువని ఫిన్లండ్ డాక్టర్లు 1993లోనే రాశారు. గర్భంలో ఆ మందు అందిన పిల్లల్లో దాదాపు పదిమందిలో ఒకరికి అవయవ లోపాలు, ముప్పై నలభై శాతం మందికి ఎదుగుదల చిక్కులు వస్తాయని ఇప్పుడు తెలుసు. అయినా చవక కాబట్టి మన ఊళ్లలో ఆడపిల్లలకు ఏళ్ల తరబడి అదే నడుస్తుంది. మందు మానేయమని ఎవరికీ చెప్పకండి, అర్ధాంతరంగా మానేస్తే ఫిట్స్ ప్రాణం మీదికి వస్తాయి. మార్చగలరేమో డాక్టరును అడిగించండి, రాతపూర్వకంగా. మన చట్టం మూర్ఛను ఎలా చూసిందో కూడా గుర్తుంచుకోవాలి. 1955 హిందూ వివాహ చట్టంలో పిచ్చి, మూర్ఛ ఒకే వాక్యంలో పెళ్లికి అనర్హతలుగా ఉండేవి. మూర్ఛ అనే మాటను 1999లో తీసేశారు. చట్టంలోంచి పోయింది గానీ పెళ్లిచూపుల్లోంచి పోలేదు. అందుకే జబ్బు దాచి, మందు దాచి, మందు వల్ల తప్పిన నెలలను దాచి, ఆ పిల్ల కొత్త ఇంట్లో అడుగుపెడుతుంది.

చివరికి కత్తి. మన రెండు తెలుగు రాష్ట్రాల సిగ్గుచేటు లెక్క ఇది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో మనమే ముందు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోత కూలీ స్త్రీల సంగతి 2019లో బయటపడింది. ప్రభుత్వ కమిటీ విచారించిన 82,309 మందిలో 13,861 మందికి గర్భసంచి లేదు. బహిష్టు వస్తే పని పోతుంది, మేస్త్రీ జరిమానా వేస్తాడు. మన దగ్గర తెల్లబట్ట, నడుంనొప్పి, క్యాన్సర్ వస్తుందన్న బెదిరింపు. ముప్పై అయినా నిండని వాళ్లకు చాలాచోట్ల గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసేస్తున్నారు. 'పిల్లలు పుట్టేశారుగా, ఇక దాంతో పనేముంది' అంటారు.

పని ఉంది. మెదడు మాట అండాశయం వినడమే కాదు, అండాశయం మాట మెదడూ వింటుంది. అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు 1950 నుంచి 1987 దాకా అండాశయాలు తీసేయించుకున్న స్త్రీలను దశాబ్దాల పాటు గమనించి 2007లో ఫలితాలు ప్రచురించారు. బహిష్టులు సహజంగా ఆగే వయసుకు ముందే తీసేస్తే, జ్ఞాపకశక్తి తగ్గడం, మతిమరుపు జబ్బు, పార్కిన్సన్ లాంటి లక్షణాల ప్రమాదం పెరిగింది. ఎంత చిన్న వయసులో తీస్తే అంత ఎక్కువ. గర్భసంచి మాత్రమే తీసి అండాశయాలు ఉంచినా, అవి ముందుగానే మందగించే అవకాశం పెరుగుతుంది. ఇరవై ఎనిమిదో ఏట ఆపరేషన్ చేయించుకున్న వ్యవసాయ కూలీ నలభై ఏళ్లకే ఒళ్లు మంటలనీ, నిద్ర పట్టదనీ, మతిమరుపనీ చెబితే మళ్లీ నరాల బలహీనత అని బలం సూది వేస్తారు. కోత వల్ల వచ్చిందని ఆమెకు ఎవరూ చెప్పరు. ఈ అనవసర ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ మార్గదర్శకాల ప్రకారం జిల్లాల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. మీ జిల్లాలో కమిటీ ఎప్పుడు కూర్చుందో, ఎన్ని కేసులు చూసిందో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టి అడగండి. జవాబు వచ్చినా రాకపోయినా మాకు పంపండి, ఈ పేజీల్లో వేస్తాం.

గ్రామాల్లో తిరిగే కార్యకర్తలు అడిగే మాట ఒకటుంది: ఇవన్నీ మేం ఎలా పట్టుకోగలం, మేం డాక్టర్లం కాదు కదా అని. జబ్బు పేరు పెట్టడం మన పని కాదు. డాక్టరు దగ్గర అడగని ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాసిచ్చి పంపడం మనం చేయగలం. మూడు నెలలు వరసగా బహిష్టు రాకపోయినా, నెలల మధ్య దూరం ఎప్పుడూ నలభై అయిదు రోజులు దాటుతున్నా చూపించాలి. ఎంత బరువు తగ్గింది, ఎన్ని గంటలు నిద్ర, రాత్రి షిఫ్టులా, ఏ మందులు, ఇంట్లో కొడుతున్నారా. అసలు రజస్వలే కాని పిల్లకు వాసనలు తెలుస్తాయా అని కూడా అడగండి. నవ్వకండి. జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు కడుపులో బిడ్డగా ఉన్నప్పుడు ముక్కు దగ్గర పుట్టి మెదడులోకి నడిచి వెళతాయి. ఆ నడక ఆగిన పిల్లలకు వాసనా తెలియదు, యవ్వనమూ రాదు. కాల్మన్ సిండ్రోమ్ అంటారు, చికిత్స ఉంది. మల్లెపూల వాసన తెలియని పిల్లను దిష్టి తీయించడంతో ఆపేసిన ఇల్లు నాకు తెలుసు.

ఆ ఇంటర్ పిల్లను మాకు తెలిసిన ఎండోక్రైనాలజిస్టుకు చూపించాం. థైరాయిడ్, ప్రొలాక్టిన్ మామూలుగా ఉన్నాయి. ఎల్‌హెచ్, ఈస్ట్రోజెన్ బాగా తక్కువ. మాత్రలు ఆపించి, తిండి పట్టిక రాసిచ్చి, ఎముకల స్కాన్ చేయించమన్నారు. తల్లి ఆమెను హాస్టల్ మాన్పించి ఊరి దగ్గర కాలేజీలో డే స్కాలర్‌గా చేర్చింది. కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వలేదు. ఏడాది పాడైందని తండ్రి ఇంకా ముభావంగానే ఉన్నాడట. రెండు నెలల్లో మూడు కిలోలు పెరిగింది. బహిష్టు ఇంకా రాలేదు, కొన్ని నెలలు పట్టవచ్చని డాక్టరు ముందే చెప్పారు. పిల్లల నిద్ర గంటల గురించి, భోజనం టైము గురించి, వార్డెన్ చేసిన పరీక్ష గురించి కాలేజీ యాజమాన్యానికి మేం రిజిస్టర్డ్ పోస్టులో రాసిన ఉత్తరం అందినట్టు రసీదు వచ్చింది. ఈ సంచిక అచ్చుకు వెళ్లేనాటికి జవాబు రాలేదు.